ఆ కేక గుమ్మం ఎలా దాటింది?

2020 ఏప్రిల్ 28. గుర్తుందిగా, దేశమంతా లాక్‌డౌన్. సగం మంది ఇళ్లలో డాల్గోనా కాఫీ గిలక్కొడుతున్న రోజులు. ఆ రాత్రి మన టైము ప్రకారం 8 గంటల 4 నిమిషాలకి ఒక రేడియో మెరుపు భూమిని తాకి వెళ్లిపోయింది. ఉన్నది సెకనులో వెయ్యో వంతు. మీరు ఒక్కసారి రెప్ప వేసేలోపు అలాంటివి వంద వచ్చి పోతాయి.

దాన్ని పట్టుకున్నవాళ్లలో ఒకటి కెనడాలోని చైమ్ టెలిస్కోపు. పెద్ద సంస్థ, పెద్ద సరంజామా. రెండోది నాకు భలే నచ్చిన స్టేర్2. అమెరికాలో క్రిస్ బొచెనెక్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్, ఆయన గురువులు కలిసి కాలిఫోర్నియా, యూటాల్లో మూడు చోట్ల బకెట్టంత యాంటెనాలు పెట్టారు. వాటి తయారీలో కేకులు చేసుకునే రేకు గిన్నెలు కూడా వాడారు, జోకు కాదు. ఆ బకెట్లే ఈ మెరుపుని పట్టేశాయి. అది ఎంత బలంగా వచ్చిందంటే, మన ఫోన్లలో ఉండే 4జీ రిసీవర్ డేటా మొత్తం దాచిపెట్టి జల్లెడ పడితే అందులోనూ దొరికేదేమో అన్నారు వాళ్లు.

బయల్దేరిన చోటు మన పాలపుంతలోనే, సుమారు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో. పేరు ఎస్‌జీఆర్ 1935+2154. ఇదో మాగ్నెటార్. సరిగ్గా అదే క్షణంలో ఆ నక్షత్రం నుంచి ఎక్స్‌రేలు రావడం కూడా శాటిలైట్లు చూశాయి. అంటే దొంగ సీసీ కెమెరాలో మొహంతో సహా దొరికాడన్నమాట.

ఇక్కడితో కథ సుఖాంతం అని చాలా వార్తలు రాశాయి. నాకైతే అసలు కథ అక్కడే మొదలైందనిపిస్తుంది. కేక వేసింది ఎవరో తెలిసింది, బాగానే ఉంది. ఆ కేక ఇంట్లోంచి బయటికి ఎలా వచ్చింది? ఎందుకంటే, ఆ ఇంట్లో పుట్టిన కేక గుమ్మం దాటలేదని లెక్క కట్టి చూపించిన పెద్దమనుషులు ఉన్నారు.

కొంచెం వెనక్కి వెళ్దాం. వీటిని ఫాస్ట్ రేడియో బరస్టులు అంటారు. మనం ఎఫ్‌ఆర్‌బీ అనేద్దాం. మొదటిది 2001లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో రికార్డయింది. ఎవరూ చూడలేదు. 2007లో డంకన్ లోరిమర్ బృందం పాత డేటా తిరగేస్తుంటే బయటపడింది. చాలామంది నమ్మలేదు కూడా. అదే టెలిస్కోపుకి అప్పుడప్పుడు ఇలాంటివే అనుమానాస్పద సిగ్నళ్లు దొరికేవి మరి. 2015లో వాటి గుట్టు రట్టయింది. క్యాంపస్‌లో ఎవరో అన్నం వేడి చేసుకుంటూ, టైమర్ మోగకముందే మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీసేస్తున్నారు! లోరిమర్‌ది మాత్రం ఓవెన్ కాదు. అసలు సిసలైన ఎఫ్‌ఆర్‌బీ. ఆ తర్వాత ఇతర గెలాక్సీల నుంచి వందల కొద్దీ దొరికాయి. చైమ్ ఒక్కటే 2021లో 500కి పైగా ఉన్న జాబితా విడుదల చేసింది. ఒకానొక టైములో దొరికిన ఎఫ్‌ఆర్‌బీల కంటే వాటి మీద పుట్టిన థియరీలే ఎక్కువ.

ఇప్పుడు మాగ్నెటార్ సంగతి. సూర్యుడి కంటే బాగా పెద్ద నక్షత్రం చచ్చిపోతే మిగిలే అస్థిక న్యూట్రాన్ నక్షత్రం. అడ్డంగా 20 కిలోమీటర్లు, అంటే సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా అనుకోండి. బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. అందులోనూ అయస్కాంత శక్తి అతిగా ఉన్న జాతి మాగ్నెటార్. మన భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు అర గాస్. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మది వంద గాస్‌లోపు. ఎస్‌జీఆర్ 1935 ఉపరితలం మీద 200 లక్షల కోట్ల గాస్! ఇంకా గట్టివాళ్లూ ఉన్నారు. ఇలాంటి నక్షత్రాలు ఉండాలని 1992లో రాబర్ట్ డంకన్, క్రిస్టొఫర్ థాంప్సన్ కాగితం మీదే ఊహించారు.

దీని చుట్టూ ఖాళీ లేదు. అయస్కాంత రేఖలు, ఆ రేఖల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు. ఈ మొత్తం ఏరియాని అయస్కాంతావరణం అంటారు. ఎస్‌జీఆర్ 1935 తన చుట్టూ తాను 3.2 సెకన్లకోసారి తిరుగుతుంది. దాన్నిబట్టి లెక్క కడితే దాని అయస్కాంతావరణం హద్దు సుమారు లక్షన్నర కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. నక్షత్రం 20 కిలోమీటర్లు, వాకిలి లక్షన్నర కిలోమీటర్లు. మెరుపు నక్షత్రం పక్కన పుడితే ఈ వాకిలంతా దాటాలి.

ఇది చెబుతుంటే ఇంటర్ చదివే మా మేనల్లుడు అడ్డం పడ్డాడు. "మామయ్యా, రేడియో తరంగం అంటే కాంతే కదా. టార్చి వేస్తే గోడ దాకా పోవట్లేదా? మధ్యలో నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటే ఏంటంట?"

"ఒరేయ్, నీ టార్చి వెలుగు గాలిలో ఎలక్ట్రాన్‌ని ముట్టుకున్నా దానికి చక్కిలిగింత కూడా పుట్టదు. ఇది అలాంటి వెలుగు కాదు. సూర్యుడు అర నిమిషం పాటు వెదజల్లే శక్తి ఈ మెరుపు ఒక్క మిల్లీసెకనులో, అదీ ఒట్టి రేడియోలో కక్కేసింది. మిల్లీసెకను మెరుపు అంటే 300 కిలోమీటర్ల మందం ఉన్న గోడ ఒకటి కాంతి వేగంతో వచ్చి మీద పడటం. దారిలో ఉన్నవాళ్లు ఊరుకోరు."

"ఊరుకోకపోతే?"

అదే పాయింటు. కొంచెం ఓపిక పట్టండి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలికే.

కిటికీకి కర్టెన్ రాడ్డు ఉంటుంది కదా. రింగు రాడ్డు పొడవునా జారుతుంది. అడ్డంగా ఎంత లాగినా రాదు. మాగ్నెటార్ దగ్గర ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. అయస్కాంత రేఖ రాడ్డు, ఎలక్ట్రాన్ రింగు. రేడియో తరంగం వచ్చి అటూ ఇటూ ఊపాలని చూస్తుంది. రాడ్డు ఊపనివ్వదు. ఊగని ఎలక్ట్రాన్ తరంగం నుంచి శక్తి దొంగిలించలేదు. కాబట్టి నక్షత్రానికి దగ్గరలో, అయస్కాంతం భయంకరంగా ఉన్నచోట, మెరుపు హాయిగా వెళ్లిపోతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, అక్కడ అంత బలమైన అయస్కాంతమే దానికి కాపలా.

తంటా అంతా దూరం వెళ్లాక. అయస్కాంత క్షేత్రం దూరంతో పాటు చాలా త్వరగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు. పది రెట్లైతే వెయ్యో వంతు. తరంగం బలం మాత్రం అంత తొందరగా తగ్గదు. దూరం రెట్టింపైతే సగం, పది రెట్లైతే పదో వంతు. ఇద్దరూ పరుగు పందెంలో ఉన్నారు, ఒకడు మెల్లగా అలసిపోతున్నాడు, ఇంకొకడు ధబేల్మని కూలబడుతున్నాడు. ఎక్కడో ఒకచోట తరంగం బలం అయస్కాంతం బలాన్ని దాటేస్తుంది. కాగితం మీద నేనూ వేసి చూశాను. ఏప్రిల్ 28 మెరుపుకి ఆ చోటు సుమారు 20 వేల కిలోమీటర్ల దగ్గర వస్తుంది. వేరే గెలాక్సీల నుంచి వచ్చే మెరుపులు దీనికి వేల రెట్లు బలమైనవి. వాటికి ఇంకా దగ్గరే, కొన్ని వేల కిలోమీటర్లలోనే.

అంటే ఏమిటి? హద్దేమో లక్షన్నర కిలోమీటర్ల దగ్గర. రాడ్డు మెత్తబడటం మాత్రం 20 వేల దగ్గరే మొదలు. ఆ మధ్యలో లక్షా 30 వేల కిలోమీటర్ల దారి. మెరుపుకి అది అర సెకను ప్రయాణం కూడా కాదు. కానీ ఆ అర సెకనులోనే దాని ప్రాణం పోవచ్చు.

ఎలాగంటే, రాడ్డు మెత్తబడగానే రింగు ఊడి తరంగం చేతిలోకి వస్తుంది. ఎలక్ట్రాన్ కాంతి వేగానికి దగ్గరగా కొట్టుకుపోతుంది, ఊగుతుంది, మెరుపు శక్తిని మింగి గామా కిరణాలుగా కక్కుతుంది. గామా కిరణాలు ఢీకొని కొత్త ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలు పుడతాయి. ఆ జంటలూ అదే పని మీద కూర్చుంటాయి. పెళ్లి భోజనంలో పిలవని అతిథి ఒకడు వచ్చి, తిన్నాక ఇద్దరికి ఫోన్ చేసి రమ్మనడం, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి ఫోన్ చేయడం. వడ్డించేవాడి గతి ఏమవుతుందో ఎఫ్‌ఆర్‌బీ గతీ అంతే.

ఇది 2021లో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆండ్రీ బెలొబొరొదొవ్ పెట్టిన లెక్క. ఆయన పేపర్ టైటిలే ఒక ప్రశ్న, బలమైన రేడియో మెరుపు మాగ్నెటార్ అయస్కాంతావరణం నుంచి తప్పించుకోగలదా అని. జవాబు, కష్టమే. 10 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్యలో మెరుపు ఉక్కిరిబిక్కిరై చస్తుందని ఆయన వాదన. అందుకని ఆయన దారి వేరే. మెరుపు అసలు లోపల పుట్టనే లేదు. నక్షత్రం మీద పేలుడు జరిగి, ఆ పేలుడు విసిరిన పదార్థం అయస్కాంతావరణం దాటి చాలా దూరం దూసుకెళ్లి, అక్కడ రేడియోని పుట్టించింది. ఇంట్లో ఎవరూ కేక వేయలేదు, ఇంట్లోంచి విసిరిన బాంబు వీధి చివర పేలిందన్నమాట. అప్పుడు గుమ్మం దాటే గొడవే లేదు. ఇంకా కొంతమంది పెద్దలు కూడా ఇలాంటి షాక్ మోడళ్లే కట్టారు.

ఏడాది తిరక్కుండానే జవాబొచ్చింది. 2022లో లాస్ వేగస్ నుంచి యువాన్‌హాంగ్ చూ, బింగ్ ఝాంగ్, టెక్సాస్ నుంచి పవన్ కుమార్. (పవన్ అనగానే విజిల్స్ వేయకండి, ఈయన ఆస్ట్రానమీ ప్రొఫెసర్.) వాళ్లు చెప్పింది రెండు ముక్కలు. రెండూ మన రోడ్ల మీద చూసేవే.

రన్నింగ్ బస్సు ఎక్కేవాళ్లని గమనించారా? నిలబడి ఉన్నవాడు కడ్డీ పట్టుకుంటే భుజం ఊడుతుంది. బస్సుతో పాటు నాలుగడుగులు పరిగెత్తి పట్టుకున్నవాడికి ఏమీ కాదు. మాగ్నెటార్ ధ్రువాల దగ్గర కొన్ని రేఖలు మళ్లీ నక్షత్రానికి తిరిగి రావు, బయటికి తెరుచుకుని పోతాయి. అక్కడ ఎలక్ట్రాన్లు నిలబడి లేవు, అవీ బయటికే పరిగెడుతున్నాయి, దాదాపు కాంతి వేగంతో. వెనకనుంచి వచ్చే మెరుపు వాటికి బాగా బలహీనంగా కనిపిస్తుంది. కుదుపు తక్కువ, దొంగతనం తక్కువ. రెండోది కోణం. తరంగం రేఖకి అడ్డంగా కాక, దాదాపు దాని వెంటే వెళ్తే పట్టు ఇంకా తగ్గుతుంది. మెరుపు ఎంత గట్టిదంటే, ఆ తెరిచిన రేఖల్ని తానే తోసి తన దారికి తిప్పుకుంటుందట. ఆరేడు డిగ్రీల లోపు ఉంటే చాలు. వెయ్యి మందిని ఒంటిచేత్తో పక్కకి నెట్టే హీరో ఎంట్రీ సీనులా ఉంది కదా. నేనూ మొదట అలాగే నవ్వుకున్నా. సమీకరణాలు మాత్రం సీరియస్‌గానే ఉన్నాయి.

బెలొబొరొదొవ్ తగ్గలేదు. 2024లో మళ్లీ ఇంకో లోతైన లెక్క. ఒక రకం ధ్రువణం ఉన్న బలమైన తరంగాలకైతే అయస్కాంత అక్షం వెంబడి సన్నటి దారి తప్ప ఇంకో దారే లేదన్నాడు. నాకు ఇక్కడే ఆసక్తి పెరిగింది. గమనించండి, ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటూనే ఒక్క గల్లీ దగ్గరికి చేరారు. ధ్రువం పక్కన ఉన్న గల్లీ. ఒకాయన అందులోంచి ధారాళంగా బయటికి రావచ్చంటాడు, ఇంకొకాయన అది తప్ప అన్నీ మూసేశారంటాడు.

థియరీ ఇలా నడుస్తుంటే సాక్షి ఒకరు దొరికారు. 2022 అక్టోబరు 22న చైమ్‌కి ఒక ఎఫ్‌ఆర్‌బీ దొరికింది. దూరం 20 కోట్ల కాంతి సంవత్సరాలు, ఉన్నది రెండు మిల్లీసెకన్లు. దీనిమీద 2025 జనవరి 1న నేచర్ పత్రికలో రెండు పేపర్లు వచ్చాయి. ఎంఐటీలో కెంజీ నిమ్మో బృందానిది ఒకటి, మెక్‌గిల్ యూనివర్సిటీలో రయన్ మకిన్వెన్ బృందానిది ఒకటి.

నిమ్మో వాడిన ట్రిక్కు మీరు డాబా మీద పడుకుని చూసినదే. చుక్కలు మినుకుమంటాయి, గురుగ్రహం మినుకుమనదు. ఎందుకు? చుక్క మనకి సూదిమొనంత. గాలి కుదుపుకి ఆ ఒక్క మొన వెలుగు తగ్గి పెరుగుతుంది. గ్రహం కొంచెం వెడల్పాటి చుక్క, ఒక మూల తగ్గితే ఇంకో మూల పెరిగి సర్దుకుంటుంది. అంటే మినుకుమనేది చిన్నది, మినుకుమననిది పెద్దది. రేడియో మెరుపు దారిలో వాయువుల్ని దాటుకుని వచ్చేటప్పుడు అదీ ఇలాగే మినుకుమంటుంది. ఈ మెరుపు మినుకుమంది! లెక్క తేల్చితే, అది పుట్టిన చోటు వెడల్పు మహా అయితే 30 వేల కిలోమీటర్లు. దూరంగా షాక్‌లో పుట్టి ఉంటే కోటి కిలోమీటర్ల లెక్కలో ఉండాలి, మినుకు మాయమైపోవాలి. 20 కోట్ల కాంతి సంవత్సరాల అవతల కొన్ని వేల కిలోమీటర్ల చోటు కొలవడం అంటే, చంద్రుడి మీద పెట్టిన డీఎన్‌ఏ పోగు మందాన్ని మీ డాబా మీద నుంచి కొలిచినట్టు. ఈ పోలిక నిజంగానే సరిపోతుంది, కావాలంటే భాగించి చూడండి.

మకిన్వెన్ చూసింది ధ్రువణం. ఆ రెండు మిల్లీసెకన్లలో తరంగం ఊగే దిశ 130 డిగ్రీలు తిరిగింది, ఎస్ అక్షరంలాంటి వంపుతో. పల్సార్లలో ఇది పాత పరిచయమే. తిరిగే నక్షత్రం మీద లైట్‌హౌస్ దీపంలా కాంతి మన ముందు నుంచి జరిగిపోతే వచ్చే వంపు అది. అంటే మెరుపు నక్షత్రంతో పాటు తిరుగుతున్న చోటే, అయస్కాంతావరణంలోనే పుట్టి ఉండాలి.

మా మేనల్లుడికి ఇది పంపితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అయితే బెలొబొరొదొవ్ అవుట్, కదా మామయ్యా?"

అంత తొందరొద్దు. ఆ మెరుపు లోపల పుట్టిందంటే ఆయన వేసిన ప్రశ్న పోలేదు, ఇంకా పదునెక్కింది. ఇంట్లోనే కేక వేశారని రుజువైంది, మరి గుమ్మం ఎలా దాటింది? దాటిందని మాత్రం తెలుసు, మన యాంటెనాలోనే పడింది కాబట్టి. ఆ గల్లీలో ఎలక్ట్రాన్లు నిజంగా ఎంత వేగంగా పరిగెడుతున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఇవి ఇప్పటికి థియరీలో వేసుకున్న అంకెలే. ఎవరూ కొలిచినవి కావు. ఆ అంకెలు కొద్దిగా అటు ఇటు అయితే దారి మూసుకుపోతుంది. పైగా ఇది ఒక్క మెరుపు. వందల్లో ఒకటి. అన్నీ ఒకే తాను గుడ్డలన్న గ్యారంటీ ఏమీ లేదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని తక్కువమంది పట్టించుకుంటున్నారని నా కంప్లయింటు. రేడియో ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ తరంగం మెల్లగా ఊగుతుంది. ఒక్కో ఊపులో ఎలక్ట్రాన్‌ని ఎక్కువసేపు లాగుతుంది, ఇంకా గట్టిగా కుదుపుతుంది. అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ మెరుపులు తప్పించుకోవడం ఇంకా కష్టం. మరి 16 రోజులకోసారి చురుగ్గా మారే ఒక ఎఫ్‌ఆర్‌బీ ఉంది. పుణె దగ్గర ఖోడద్‌లో 30 పెద్ద డిష్‌లతో ఉన్న మన జీఎంఆర్‌టీ కూడా దాని మెరుపుల్ని పట్టింది. 2021లో యూరప్‌లోని లోఫార్ దాన్నే 110 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా విన్నది. మన ఎఫ్ఎం రేడియో స్టేషన్లకి పక్క వీధి అది. అంత కిందకి కూడా సిగ్నల్ బతికి వచ్చిందంటే, అక్కడి దారి మనం అనుకున్నంత ఇరుకు కాదేమో, లేదా అది అసలు లోపల పుట్టలేదేమో. రెండు వైపులా లాగొచ్చు.

నన్ను అడిగితే, నా పందెం ధ్రువం పక్క గల్లీ మీదే. మినుకు, ఎస్ వంపు, రెండూ వేర్వేరు కొలతలు, వేర్వేరు బృందాలు, ఒకే మెరుపులో ఒకే మాట చెప్పాయి. అది చిన్న విషయం కాదు.

ఇక మన పక్కింటి ఎస్‌జీఆర్ 1935 ఊరుకునే రకం కాదు. 2022 అక్టోబరులో మళ్లీ రేడియో మెరుపు విసిరింది. ఆ మెరుపుకి ముందొకసారి, తర్వాతొకసారి, తొమ్మిది గంటల తేడాలో, నక్షత్రం తిరిగే వేగం ఉన్నట్టుండి పెరిగిందని ఎక్స్‌రే టెలిస్కోపులు పసిగట్టాయి. ఈలోగా చైమ్‌కి అమెరికా, కెనడాల్లో మూడు చోట్ల తోడు స్టేషన్లు కట్టారు. మెరుపు ఏ గెలాక్సీలో ఏ మూల నుంచి వచ్చిందో ఇప్పుడు కచ్చితంగా చెప్పొచ్చు. దగ్గరి గెలాక్సీల మెరుపులు ఎక్కువ దొరికేకొద్దీ మినుకు పరీక్ష మళ్లీ మళ్లీ పెట్టొచ్చు. బలమైన మెరుపు ఒకటి దొరికి, కచ్చితంగా కోటి కిలోమీటర్ల అవతల పుట్టిందని అందులో తేలిందా, నా పందెం డబ్బులు బెలొబొరొదొవ్ గారికే.